హెడ్‌ఫోన్‌కి డ్యాక్ కొనాలా, కొన్నాక గోల చేస్తే ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మా ఇల్లు రైలు పట్టాలకి దగ్గర. రాత్రి పది దాటాక నాన్న పడుకుంటారు, పక్క గదిలో పాప చదువుకుంటూ ఉంటుంది, కాబట్టి పాటలు వినాలంటే నాకు హెడ్‌ఫోనే దిక్కు. ఏళ్ల తరబడి వింటూ, కొంటూ, అమ్ముతూ, రిపేరు చేయించుకుంటూ వచ్చేసరికి నెల్లూరు నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇంకొకరు, సింగరాయకొండలో మా బావ, అందరూ నన్నే అడుగుతున్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

డ్యాక్ అంటే ఏంది? నా ఫోన్‌లో లేదా అది?

ఫోన్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 అంకెలు (44.1 కిలోహెర్ట్జ్ అనేది ఇదే), ఒక్కోటి 16 బిట్లు. హెడ్‌ఫోన్‌కి అంకెలు అర్థం కావు, దానికి ఎగుడుదిగుడుగా కదిలే వోల్టేజ్ కావాలి. అంకెల్ని వోల్టేజ్‌గా మార్చేదే డ్యాక్ (డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్). శబ్దం చేసే ప్రతి డిజిటల్ వస్తువులోనూ ఒకటి ఉంటుంది, టీవీలో, ల్యాప్‌టాప్‌లో, చివరికి చెవిలో పెట్టుకునే బ్లూటూత్ బడ్స్‌లో కూడా. కాబట్టి అడగాల్సింది "నాకు డ్యాక్ కావాలా" అని కాదు, "ఇప్పుడున్నది నన్ను ఇబ్బంది పెడుతోందా" అని.

కొత్తది కొంటే తేడా తెలుస్తుందా అన్నా? నిజం చెప్పు.

ఇప్పుడు వింటున్న దాంట్లో బుస లేదు, గీ లేదు, సౌండ్ సరిపోతోంది అంటే తేడా చాలా చాలా తక్కువ. ఇది నేను డబ్బులు పెట్టి తెలుసుకున్న సంగతి. కొత్త డ్యాక్ వచ్చిన మొదటి వారం "ఆహా, తెర తీసినట్టుంది" అని నేనూ అన్నాను. తర్వాత మా చెల్లెల్ని కూర్చోబెట్టి, రెండు డ్యాక్‌లూ ఒకే వాల్యూమ్‌కి మీటర్ పెట్టి సరిచేసి, ఏది తగిలించిందో నాకు కనబడకుండా మార్చమన్నా. 20 సార్లలో 11 సార్లు కరెక్ట్‌గా చెప్పా. అంటే బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. ఆ వాల్యూమ్ సరిచేయడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఒకటి కొంచెం గట్టిగా పలికినా మన చెవికి అదే బాగున్నట్టు, అందులోనే వివరాలు ఎక్కువ వినిపిస్తున్నట్టు అనిపిస్తుంది. చాలామంది డ్యాక్ గొప్పతనం అనుకునేది ఆ కాస్త ఎక్కువ వాల్యూమే.

మరి ఎప్పుడు కొనాలి? ఫోన్‌కి 3.5 జాక్ లేనప్పుడు, ల్యాప్‌టాప్ జాక్‌లో పాట ఆగినా సుయ్‌మని బుస వస్తున్నప్పుడు, హెడ్‌ఫోన్ పెద్దదై వాల్యూమ్ మొత్తం పెట్టినా చాలనప్పుడు. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి. హెడ్‌ఫోన్ మారిస్తే వచ్చే తేడా మా అమ్మకి కూడా తెలిసింది.

డ్యాక్ వేరు, యాంప్ వేరు అంటారు, రెండూ కొనాలా?

అక్కర్లేదు. డ్యాక్ వోల్టేజ్ తయారు చేస్తుంది, యాంప్ దానికి హెడ్‌ఫోన్‌ని కదిలించే బలం ఇస్తుంది. ఇప్పుడు ఇంటి వాడకానికి వచ్చేవి చాలావరకు రెండూ కలిసిన డబ్బాలే. విడిగా కొనేది ఒకటి పాడైతే ఒకటే మార్చుకుందాం అనుకునేవాళ్లు.

హెడ్‌ఫోన్ డబ్బా మీద ఓమ్స్, డెసిబెల్స్ అని రాసుంటాయి, వాటిని ఎట్టా చదవాలి?

ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తా.

డెసిబెల్ అంకె అంటే సాధారణంగా 1 మిల్లీవాట్ పవర్ ఇస్తే ఆ హెడ్‌ఫోన్ ఎంత గట్టిగా పలుకుతుందో. ఓమ్ అంకె అంటే ఆ పవర్ ఇవ్వడానికి ఎంత వోల్టేజ్ కావాలో లెక్క కట్టడానికి పనికొచ్చేది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్ తీసుకోండి, దాని సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్. 1 వోల్ట్ ఇచ్చే చిన్న డాంగిల్ (ఫోన్ చార్జింగ్ పోర్టుకి తగిలించే బుల్లి డ్యాక్) తగిలిస్తే, 1 వోల్ట్‌ని వర్గం చేసి 250తో భాగిస్తే 4 మిల్లీవాట్లు, అంటే 6 డెసిబెల్ పెరిగి 102. 2 వోల్ట్‌లు ఇచ్చేది తగిలిస్తే 16 మిల్లీవాట్లు, 108 డెసిబెల్. సినిమా పాటలు ఎలాగూ గట్టిగానే రికార్డ్ చేస్తారు, వాటికి 102 సరిపోతుంది. కానీ కచేరీ రికార్డింగ్ ఉందనుకోండి, వీణ చాలా నెమ్మదిగా మొదలై చివర్లో మృదంగం తని ఆవర్తనం వచ్చేసరికి ఒక్కసారి లేస్తుంది, అలాంటి వాటిని తక్కువ లెవెల్‌లో రికార్డ్ చేసి ఉంచుతారు, అక్కడ ఆ 2 వోల్ట్‌లు కావాలి.

ఇప్పుడు చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్ చూడండి, 16 ఓమ్, 105 డెసిబెల్. అదే 1 వోల్ట్ ఇస్తే 123 డెసిబెల్ వస్తుంది, చెవి పోతుంది. దీనికి కావాల్సింది పవర్ కాదు, నిశ్శబ్దం. పెద్ద యాంప్‌కి చిన్న ఇయర్‌ఫోన్ తగిలిస్తే బుస వినిపించేది అందుకే. పెద్ద డబ్బాలో గెయిన్ స్విచ్ (సౌండ్‌ని ఎంత పెంచాలో చెప్పేది) ఉంటే "లో" అంటే తక్కువ మీద పెట్టండి. ఇంకోటి, డ్యాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (డ్యాక్ వైపు ఉండే ఓమ్స్, దాని వివరాల్లో రాసుంటుంది) మీ హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదు. 16 ఓమ్ ఇయర్‌ఫోన్‌కి 2 ఓమ్‌ల లోపు ఉండాలి. దాటితే కొన్ని ఇయర్‌ఫోన్లలో బేస్ గానీ ట్రెబుల్ గానీ వంకరగా మారిపోతుంది.

డాంగిల్ చాలా, టేబుల్ మీద పెట్టే పెద్దది కావాలా?

ఇయర్‌ఫోన్లకీ, 80 ఓమ్ దాకా ఉండే మామూలు హెడ్‌ఫోన్లకీ 2, 3 వేల రూపాయల డాంగిల్ చాలు. నేను ఇప్పటికీ రాత్రి పూట వాడేది అదే. వాల్యూమ్‌కి చేత్తో తిప్పే నాబ్ కావాలి, స్పీకర్లు కూడా దానికే తగిలించాలి అంటే పెద్దది తీసుకోండి.

ఒక జాగ్రత్త. బజార్లో 100, 150 రూపాయలకి టైప్‌-సి నుంచి 3.5 మారే తీగ ముక్కలు అమ్ముతారు. వాటిలో కొన్నింట్లో డ్యాక్ ఉండనే ఉండదు, ఉత్త తీగే, ఫోన్ తన లోపలి డ్యాక్ నుంచి ఆ పోర్టులోకి సౌండ్ పంపితేనే అవి పనిచేస్తాయి. చాలా ఫోన్లు పంపవు. "తగిలించా, ఏమీ రావడం లేదు" అని నాకు వచ్చే కాల్స్‌లో చాలావరకు ఇదే కథ. ల్యాప్‌టాప్‌కి తగిలించి చూడండి, సౌండ్ డివైజ్‌ల లిస్టులో కొత్త పేరు కనిపించకపోతే లోపల డ్యాక్ లేనట్టే.

ఈఎస్ఎస్ చిప్ మంచిదా, ఏకేఎం మంచిదా, ఆర్‌టూఆర్ అంటున్నారు అదేంది?

ఈఎస్ఎస్, ఏకేఎం అనేవి డ్యాక్ చిప్‌లు చేసే కంపెనీలు. చిప్ పేరు చూసి కొనకండి. ఒకే చిప్‌తో బుస లేని డబ్బా చేయొచ్చు, గోల చేసే డబ్బా చేయొచ్చు, తేడా అంతా చుట్టూ ఉన్న పవర్ సప్లైలో, యాంప్‌లో, బోర్డు వేసిన తీరులో ఉంటుంది. దీనికి మంచి ఉదాహరణ చెప్తా. 2020 అక్టోబర్‌లో జపాన్‌లో ఏకేఎం చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడింది. చిప్‌లు దొరక్క చాలా కంపెనీలు అదే మోడళ్లని ఈఎస్ఎస్ లాంటి వేరే చిప్‌లతో మళ్లీ డిజైన్ చేసి అమ్మాయి, జనం కొని హాయిగా విన్నారు. ఆర్‌టూఆర్ అంటే రెసిస్టర్ల నిచ్చెనతో చేసే పాత పద్ధతి, ఖర్చు ఎక్కువ, కొందరికి ఆ స్వరం ఇష్టం. ఇష్టమైతే కొనుక్కోండి, కానీ కొలతల్లో మామూలు చిప్‌లు దానికేమీ తీసిపోవు.

32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని రాసుంది, అది ఉంటే మంచిదేగా?

ఉంటే నష్టం లేదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. మనిషి చెవి వినేది మహా అయితే 20,000 హెర్ట్జ్. సెకనుకి ఎన్ని అంకెలుంటే అందులో సగం హెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది. 44,100లో సగం 22,050, అంటే సీడీలోనే మన చెవికి కావాల్సిందంతా పడుతుంది. 16 బిట్లకి 96 డెసిబెల్‌ల తేడా పడుతుంది, అతి మెల్లని శబ్దం నుంచి అతి గట్టి శబ్దం దాకా. మే నెలలో కావలిలో ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని ఓపెన్ బ్యాక్ (వెనక జల్లెడలా తెరిచి ఉండే) హెడ్‌ఫోన్‌తో వింటున్నవాడికి ఆ మెల్లని శబ్దాలన్నీ ఫ్యాన్ గాలిలోనే కలిసిపోతాయి.

పాత పాటల సంగతైతే ఇంకా స్పష్టం. మన నెల్లూరు బిడ్డ బాలు గారు సినిమాల్లో పాడటం మొదలుపెట్టింది 1966లో. అప్పటి పాటలు ఎక్కువగా టేపు మీద రికార్డ్ చేసినవి, ఆ టేపులో పట్టే తేడా 16 బిట్ల కంటే బాగా తక్కువ. వాటిని 24 బిట్ 192 కిలోహెర్ట్జ్‌లో ఇచ్చినా టేపు బుసే ఇంకా నాజూగ్గా వినిపిస్తుంది. అదే పాట శ్రద్ధగా శుభ్రం చేసిన కాపీ దొరికితే, అది మామూలు సీడీ నాణ్యతలోనే ఉన్నా, బాలు గారు చరణం మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. మంచి కాపీ వెతకడానికి పెట్టే సమయం వృథా కాదు, నేను ఒక్కో పాటకి నాలుగైదు కాపీలు పక్కపక్కన పెట్టి విని ఒకటి ఉంచుకుంటా.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడితే డ్యాక్ కొనొచ్చా?

వద్దు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనే డ్యాక్ ఉంది, బయట కొన్నది పక్కన కూర్చుంటుంది అంతే.

గీ... మని హమ్ వస్తోంది. డ్యాక్ పాడైందా?

చాలాసార్లు డ్యాక్‌ది తప్పు కాదు, ఇంటి ఎర్త్‌ది. ముందు ఇది చేయండి: ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. గీ ఆగిందా? అయితే డ్యాక్ బాగుంది.

వేదాయపాళెంలో అద్దెకున్నప్పుడు నాకు జరిగింది ఇదే. చార్జింగ్ పెట్టగానే హెడ్‌ఫోన్‌లో సన్నగా గీ, ల్యాప్‌టాప్ అంచు మీద చెయ్యి పెడితే చిన్న జలదరింపు. రెండు డ్యాక్‌లు మార్చాను, పోలేదు. చివరికి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన జేబులోంచి టెస్ట్ ల్యాంప్ తీశాడు, ఒక హోల్డర్‌కి రెండు వైర్లు, అంతే. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు నిండుగా వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ పెడితే కనీసం మినుక్కుమనలేదు. సాకెట్ మూత విప్పితే ఆకుపచ్చ వైరు బోర్డు దాకా వచ్చింది, దాని చివర నల్ల టేపు చుట్టి లోపలికి మడిచి పెట్టేశారు, పిన్నుకి తగిలించనే లేదు. ఆ వైరు తగిలించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి గీ లేదు, జలదరింపు లేదు. ఈ పరీక్ష మీరు సొంతంగా చేయకండి, ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

వైరు సరిగ్గానే ఉన్నా ఎర్త్ గుంట ఎండిపోయి ఉండొచ్చు. ప్రకాశం మెట్ట ప్రాంతంలో, ఎండాకాలంలో నేల పగుళ్లిచ్చిందంటే గుంటలో తేమ ఉండదు, తేమ లేకపోతే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. వారానికి రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. మా బావ వాళ్లింట్లో ఇంకేమీ చేయకుండానే గీ సగానికి తగ్గింది.

ఎర్త్ బాగున్నా గీ వస్తోందంటే అది లూప్ కావచ్చు. కంప్యూటర్‌కి ఒక ఎర్త్, స్పీకర్లకో యాంప్‌కో వేరే బోర్డు నుంచి ఇంకో ఎర్త్ ఉండి, రెండింటినీ ఆడియో తీగ కలిపితే ఆ దారిలో కరెంటు తిరిగి హమ్‌గా వినిపిస్తుంది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చండి. పోకపోతే, రెండింటికీ ఆప్టికల్ పోర్టు ఉంటే ఆప్టికల్ తీగ వాడండి, అందులో వెళ్లేది కాంతి కాబట్టి కరెంటుకి దారే ఉండదు. కొంతమంది మూడో పిన్ను విరిచేస్తారు. హమ్ పోతుంది, నిజమే, కానీ లోపల ఏదైనా తీగ తెగి బాడీకి తగిలిన రోజు ఆ హెడ్‌ఫోన్ మీ తలకి తగిలించి ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ వచ్చినప్పుడే గోల. ఎందుకు?

మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది, అంటే కరెంటుని నున్నటి అలలా కాకుండా మెట్లు మెట్లుగా ఇచ్చేది. ఫ్యాన్ కూడా అప్పుడే గుర్ర్‌మంటుంది, గమనించండి. ఆ వంకర కరెంటుకి చవక అడాప్టర్లు సరిగ్గా స్పందించవు, ఆ మోతంతా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. ఆ కాసేపు ఫోన్‌కి డాంగిల్ పెట్టుకుని వినడం అన్నిటికంటే సులువు. ఈసారి ఇన్వర్టర్ మార్చేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ (నున్నటి అలలా ఇచ్చేది) తీసుకోండి, ఫ్రిజ్‌కీ ఫ్యాన్‌కీ కూడా అదే మంచిది.

పాట మధ్యలో టిక్, టక్ అని వస్తోంది, ఒక్కోసారి తెగిపోతోంది.

ఇది హమ్ లాంటిది కాదు, డేటా సరిగ్గా అందక వచ్చేది. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, వేరే పోర్టులో పెట్టండి, తీగ మార్చండి. సగం కేసులు ఇక్కడే అయిపోతాయి. ఆ తర్వాత ప్లేయర్‌లో బఫర్ (పాటని ముందుగా కొంత నింపి పెట్టుకునే చోటు) పెంచండి. విండోస్‌లో పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటుంది, దాన్ని ఆపండి. ఫోన్‌లో అయితే బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ మ్యూజిక్ యాప్‌ని నిద్రపుచ్చుతుంది, ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. పాట మొదట్లో మాత్రమే ఒక టిక్ వస్తే కంగారు పడొద్దు, ఒక పాట 44.1 కిలోహెర్ట్జ్‌లో, తర్వాతది 48లో ఉంటే డ్యాక్ గడియారం మార్చుకునేటప్పుడు వచ్చే చప్పుడు అది.

ఫోన్‌కి తగిలిస్తే గుర్తుపట్టడం లేదు.

సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోన్‌కి బయటి యూఎస్‌బీ వస్తువులు తగిలించుకోనిచ్చేది) ఆన్ చేశారా? కొన్ని ఫోన్లలో అది మనమే ఆన్ చేయాలి, పది నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది, మర్నాడు మళ్లీ "పాడైంది" అంటారు. డ్యాక్‌కి మీ సొంత తీగ వాడుతుంటే అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే తీగేమో చూడండి, వాటిలో డేటా వైర్లు ఉండవు. పాత ల్యాప్‌టాప్ అయితే డ్రైవర్ సంగతి చూడాలి, విండోస్ 10లో 2017 నుంచి కొత్త రకం యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ దానితోపాటే వస్తోంది, అంతకు ముందువాటికి కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ వేసుకోవాలి.

ఒక చెవిలోనే వస్తోంది, జాక్ తిప్పితే వస్తుంది, పోతుంది.

హెడ్‌ఫోన్‌ని తిప్పి పెట్టుకోండి, ఎడమది కుడికి. సౌండ్ లేని వైపు హెడ్‌ఫోన్‌తో పాటు మారితే తప్పు హెడ్‌ఫోన్‌ది, దాని తీగది లేదా డ్యాక్ జాక్‌ది. మారకపోతే మీ చెవిది, డాక్టర్‌కి చూపించుకోండి. చెవిది కాదని తేలితే ఆగకండి, అదే హెడ్‌ఫోన్‌ని వేరే ఫోన్‌కి పెట్టి చూడండి, అక్కడ రెండు వైపులా పలికితే డ్యాక్ జాక్‌ని అనుమానించాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే జాక్ త్వరగా నల్లబడుతుంది. ఉప్పుగాలి ఊరుకోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ప్లగ్ తుడిచి, ఆరాక జాక్‌లో పది పదిహేనుసార్లు పెట్టి తీయండి. గీకుడు కాగితం మాత్రం వాడొద్దు, పైపూత పోతే ఇంకా త్వరగా చిలుం పడుతుంది. వాడనప్పుడు మూతున్న డబ్బాలో, బట్టల పెట్టెలో వేసే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి ఉంచండి.

వాల్యూమ్ మొత్తం పెట్టినా సౌండ్ తక్కువ.

వాల్యూమ్ రెండు చోట్ల ఉంటుంది, ఫోన్‌లో ఒకటి, డ్యాక్‌లో ఒకటి. ఫోన్‌ది 100 పెట్టి డ్యాక్‌తో తగ్గించుకోవాలి. ఆండ్రాయిడ్‌లో కొన్ని డాంగిల్స్ తక్కువ వాల్యూమ్ మీదే మొదలవుతాయి, ఫోన్ బటన్ నొక్కినా లోపలి వాల్యూమ్ పెరగదు. డాంగిల్‌ని నేరుగా నడిపే మ్యూజిక్ యాప్ వేసుకుంటే అది తీరుతుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు పాటల్ని 48 కిలోహెర్ట్జ్‌కి మార్చే బెడద కూడా దాంతో పోతుంది.

4.4 బ్యాలెన్స్‌డ్ తీసుకోనా?

అది 4.4 మిల్లీమీటర్ల జాక్, రెండు చెవులకీ మైనస్ తీగలు విడివిడిగా ఉంటాయి. పవర్ ఎక్కువ వస్తుంది, పెద్ద హెడ్‌ఫోన్ ఉంటే పనికొస్తుంది, లేకపోతే వద్దు. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కి కన్వర్టర్ పెట్టి మామూలు 3.5 హెడ్‌ఫోన్ మాత్రం తగిలించకండి. రెండు చానెళ్ల మైనస్ తీగలు షార్ట్ అయి యాంప్ కాలిపోవచ్చు.

ఎంత సౌండ్ పెట్టుకుంటే మంచిది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్‌లు, వారానికి 40 గంటలు. పిల్లలకి 75. శుభ్రంగా పలికే డ్యాక్‌తో ఒక ప్రమాదం ఉంది, గరగర లేకపోవడంతో ఎంత గట్టిగా పెట్టుకున్నామో తెలియదు. ఇంట్లోవాళ్లు పక్కన నిలబడి పిలిస్తే వినబడాలి, అదీ నేను పెట్టుకున్న కొలత.

అన్నీ చేశా, ఇంకా గోల పోలేదు.

డ్యాక్, తీగ, హెడ్‌ఫోన్, ల్యాప్‌టాప్ అన్నీ సంచిలో వేసుకుని స్నేహితుడి ఇంటికి వెళ్లండి, వీలైతే వేరే వీధిలో, వేరే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇంటికి. అక్కడ గోల లేకపోతే మీ ఇంటి వైరింగ్ చూపించండి. అక్కడా వస్తే వస్తువు తిరిగి ఇచ్చేయండి, అందుకే కొన్న వారంలోనే ఈ పరీక్షలన్నీ చేసుకోవాలి, రిటర్న్ గడువు దాటనివ్వొద్దు. పంపే ముందు గోల వినిపించేలా, బిల్లూ సీరియల్ నంబరూ కనిపించేలా ఒక వీడియో తీసి పెట్టుకోండి. నేను ఒకసారి వీడియో లేకుండా పంపిస్తే, మూడు వారాల తర్వాత "మా దగ్గర బాగానే పనిచేస్తోంది" అనే చీటీతో అదే డబ్బా తిరిగొచ్చింది.